దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధుల్లో ఊపిరితిత్తుల రక్తపోటు

ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నవారిలో కొందరికి, గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని చేరవేసే పుపుస ధమనిలో పీడనం పెరుగుతుంది. ఈ స్థితిని ఊపిరితిత్తుల రక్తపోటు అంటారు. ఆస్పత్రుల్లో పల్మనరీ హైపర్‌టెన్షన్ అనే పేరు వాడుకలో ఉంది. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. చేతి బీపీ సరిగ్గా ఉన్న మనిషికి కూడా ఇది తీవ్రంగా ఉండవచ్చు. మామూలు బీపీ మాత్రలతో ఇది తగ్గదు.

శ్వాసనాళాల్లో అడ్డంకి ఏర్పడే సీఓపీడీ, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఫైబ్రోసిస్ జబ్బులు, క్షయ నయమయ్యాక మిగిలిపోయే మచ్చలు, నిద్రలో ఊపిరి సరిగా ఆడని స్థితులు దీనికి ప్రధాన కారణాలు. మూల వ్యాధి ముఖ్య లక్షణం ఆయాసం. ఈ పోటు ముఖ్య లక్షణమూ ఆయాసమే. అందుకే పదేళ్ళుగా ఆయాసపడుతున్న మనిషి మరికాస్త ఎక్కువగా ఆయాసపడితే పాత జబ్బే ముదిరిందని ఇంట్లోవాళ్ళూ అనుకుంటారు, ఒక్కోసారి వైద్యులూ అనుకుంటారు. ఆ లోపల గుండె కుడిభాగం మోయలేని బరువు మోస్తూ నీరసించిపోతుంది. మూల వ్యాధి తీవ్రతకు మించి ఆయాసం పెరుగుతున్నప్పుడు గుండె వైపు కూడా చూడాలన్నది ఈ వ్యాధి విషయంలో అందరూ గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి.

ఊపిరితిత్తుల్లో రక్తప్రసరణ

శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం గుండె కుడి కర్ణికకు చేరి, అక్కణ్ణుంచి కుడి జఠరికలోకి దిగుతుంది. కుడి జఠరిక దాన్ని పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. అక్కడ కోట్లాది వాయుకోశాల చుట్టూ అల్లుకున్న కేశనాళికల్లో రక్తం కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి ఆక్సిజన్‌ను నింపుకొని, పుపుస సిరల గుండా గుండె ఎడమవైపుకు వస్తుంది. విశ్రాంతిలో ఉన్న పెద్దమనిషిలో నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం ఇలా ఊపిరితిత్తులను దాటుతుంది. ఎడమ జఠరిక శరీరమంతటికీ ఎంత రక్తం పంపుతుందో కుడి జఠరిక రెండు ఊపిరితిత్తులకే అంత రక్తం పంపుతుంది.

ఇంత రక్తం ప్రవహిస్తున్నా అక్కడి పీడనం చాలా తక్కువ. శరీర ధమనుల్లో సగటు పీడనం 90 మిల్లీమీటర్ల పాదరసం దరిదాపుల్లో ఉంటే, ఆరోగ్యవంతుల పుపుస ధమనిలో అది సుమారు 14 మాత్రమే. ఊపిరితిత్తుల రక్తనాళాలు పలుచగా, సాగే గుణంతో ఉంటాయి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ప్రవాహం పెరిగితే అప్పటిదాకా మూసుకొని ఉన్న కేశనాళికలు కూడా తెరుచుకొని ఆ అదనపు రక్తానికి చోటిస్తాయి. కాబట్టే కుడి జఠరిక గోడ పలుచగా, కొన్ని మిల్లీమీటర్ల మందంతోనే ఉంటుంది. ఎక్కువ రక్తాన్ని పంపడం దానికి కష్టం కాదు. ఎక్కువ పీడనానికి ఎదురు నెట్టడమే కష్టం.

నిర్వచనం, వర్గీకరణ

పుపుస ధమనిలో సగటు పీడనం విశ్రాంతిలో 20 మిల్లీమీటర్ల పాదరసాన్ని మించితే ఊపిరితిత్తుల రక్తపోటు ఉన్నట్టు లెక్క. 1973లో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన సమావేశం నుంచి చాలాకాలం 25ను హద్దుగా పాటించారు. 20 దాటినవారికే ముప్పు పెరుగుతోందని తేలడంతో 2018లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో జరిగిన ప్రపంచ సదస్సు ఆ హద్దును తగ్గించింది. 2022లో యూరప్ గుండె, శ్వాసకోశ వైద్య సంఘాలు కలిసి విడుదల చేసిన మార్గదర్శకాలూ దాన్నే అనుసరించాయి.

పీడనం ఒక్కటే చూస్తే సరిపోదు. అది రక్తనాళాల్లో అడ్డంకి వల్ల పెరిగిందా, ఎడమ గుండె నుంచి వెనక్కు ఎగదన్నిందా అన్నది తేలాలి. అందుకు రక్తనాళాల నిరోధాన్ని లెక్కగడతారు. పుపుస ధమని సగటు పీడనంలోంచి ఎడమ గుండె వైపు పీడనాన్ని తీసివేసి, నిమిషానికి ప్రవహించే రక్తం లీటర్లతో భాగిస్తే వచ్చే సంఖ్యను వుడ్ యూనిట్లలో చెబుతారు. ధమని పీడనం 35, ఎడమవైపు పీడనం 10, ప్రవాహం 5 లీటర్లు అయితే నిరోధం 5 వుడ్ యూనిట్లు. 2022 మార్గదర్శకాల ప్రకారం ఇది 2 దాటితే అసహజం. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో 5 దాటితే తీవ్రమైన పోటుగా పరిగణించాలి.

కారణాలను బట్టి ఊపిరితిత్తుల రక్తపోటును 5 వర్గాలుగా విభజించారు. మొదటిది, ధమనులే స్వయంగా వ్యాధిగ్రస్తమయ్యేది. రెండోది, ఎడమ గుండె జబ్బుల వల్ల వచ్చేది. మూడోది, ఊపిరితిత్తుల జబ్బులు, ఆక్సిజన్ కొరతల వల్ల వచ్చేది. నాలుగోది, రక్తపు గడ్డలు ధమనుల్లో పేరుకొని వచ్చేది. అయిదోది, కారణం స్పష్టంగా తెలియనివీ, పలు కారణాలు కలిసినవీ. ఈ వ్యాసం మూడో వర్గానికి సంబంధించింది. ఎడమ గుండె జబ్బుల వర్గం తర్వాత ఎక్కువమందిలో కనిపించేది ఇదే. అయినా పరిశోధన మొదటి వర్గంపై జరిగినంతగా దీనిపై జరగలేదు.

చరిత్ర

గుండె కుడివైపు నుంచి రక్తం ఊపిరితిత్తుల గుండా ఎడమవైపుకు చేరుతుందని 13వ శతాబ్దంలో అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే రక్తప్రసరణ మొత్తాన్నీ వివరించాడు. పుపుస ధమనులు గట్టిపడి గుండె కుడిభాగం పెరిగిన స్థితిని 1891లో జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఫాన్ రోంబర్గ్ వర్ణించాడు. 1901లో బ్యూనస్ ఎయిరిస్‌లో అబెల్ అయెర్సా అనే వైద్యుడు దీర్ఘకాల దగ్గు, ఆయాసాలతో పాటు ఒళ్ళు నల్లగా కమిలినట్టు మారిన గుండెరోగి గురించి ఉపన్యసించాడు. ఆ రంగు మారడం ఆక్సిజన్ కొరతకు గుర్తు.

బతికున్న మనిషి పుపుస ధమనిలో పీడనం కొలవడం మాత్రం 20వ శతాబ్దం వచ్చేదాకా సాధ్యం కాలేదు. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె పట్టణంలో యువ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిరలోంచి తన గుండెలోకే సన్నని గొట్టం పంపుకొని ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ పద్ధతిని న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆస్పత్రిలో ఆంద్రే కూర్నాండ్, డికిన్సన్ రిచర్డ్స్ 1940లలో గుండె, ఊపిరితిత్తుల రోగుల పరీక్షకు పనికివచ్చేలా తీర్చిదిద్దారు. ముగ్గురికీ కలిపి 1956లో నోబెల్ బహుమతి లభించింది. 1970లో హెచ్.జె.సి. స్వాన్, విలియం గాంజ్ చివర చిన్న బుడగ ఉన్న గొట్టాన్ని తయారుచేశారు. బుడగ రక్తప్రవాహంతో పాటు తేలుతూ పుపుస ధమనిలోకి చేరుతుంది కాబట్టి పరీక్ష సులువైంది.

పోటు ఎందుకు పెరుగుతుందో తెలిపిన కీలక పరిశోధన 1946లో స్వీడన్‌లో జరిగింది. ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్, జోరాన్ లిల్యెస్ట్రాండ్ పిల్లులకు ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలి పీల్పించి చూశారు. వెంటనే వాటి పుపుస ధమనుల్లో పీడనం పెరిగింది. మనుషుల్లోనూ అలాగే జరుగుతుందని మరుసటి ఏడాదే కూర్నాండ్ బృందం చూపించింది.

పోటు ఎందుకు పెరుగుతుంది

శరీరంలో మిగతాచోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు విప్పారుతాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం బిగుసుకుంటాయి. ఇందులో ఒక మేలు ఉంది. న్యుమోనియా వంటి జబ్బుతో ఒక భాగంలోకి గాలి వెళ్ళకపోతే, అక్కడికి రక్తం పంపినా ఆక్సిజన్ దొరకదు. బీడుపడిన మడికి తూము మూసి, పైరున్న మడికి నీరు మళ్ళించినట్టు, శరీరం ఆ భాగపు ధమనికలను, అంటే సన్నని ధమనులను, బిగించి రక్తాన్ని గాలి ఆడే భాగాలకు మళ్ళిస్తుంది. జబ్బు ఊపిరితిత్తుల్లో ఏదో ఒక మూలకు పరిమితమైనంత కాలం ఇది రక్షణగా పనిచేస్తుంది. ఊపిరితిత్తులంతా ఆక్సిజన్ కొరత ఏర్పడితే అన్ని ధమనికలూ ఒకేసారి బిగుసుకుంటాయి. అప్పుడు రక్తానికి మళ్ళే దారి ఉండదు. రక్షణగా ఉన్న ఏర్పాటే గుండెకు భారమవుతుంది.

ఈ బిగువు నెలలూ సంవత్సరాలూ కొనసాగితే నాళాల గోడలు మారిపోతాయి. ధమనికల గోడల్లో కండర కణాలు పెరుగుతాయి. మామూలుగా కండరం ఉండని సన్నని నాళాల్లోకి కూడా కండరం పాకుతుంది. లోపలి పొర మందమై దారి ఇరుకవుతుంది. నాళాలను విప్పార్చే నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ వంటి పదార్థాలు తగ్గి, బిగించే ఎండోథెలిన్ పెరుగుతుంది. ఈ దశకు వచ్చాక ఆక్సిజన్ ఇచ్చినంత మాత్రాన పీడనం పూర్తిగా మామూలు స్థితికి రాదు.

దీనికి తోడు మరికొన్ని కారణాలున్నాయి. ఎంఫిసీమాలో వాయుకోశాల గోడలు చిరిగిపోతే వాటిని అంటిపెట్టుకున్న కేశనాళికలూ పోతాయి. ఫైబ్రోసిస్‌లో మచ్చకట్టిన కణజాలం నాళాలను నొక్కేస్తుంది. సీఓపీడీలో గాలి పూర్తిగా బయటకు పోక ఊపిరితిత్తులు ఉబ్బి ఉండటం వల్ల ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. ఆక్సిజన్ కొరతను తట్టుకోవడానికి శరీరం ఎర్రకణాలను ఎక్కువగా తయారుచేయడంతో రక్తం చిక్కబడుతుంది. పొగాకు పొగ, ఆక్సిజన్ ఇంకా తగ్గకముందే నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఎవరిలో ఏ కారణం ఎక్కువ పాలు పంచుకుందన్న దాన్ని బట్టి చికిత్స ఫలితం మారుతుంది.

పీడనం పెరిగేకొద్దీ కుడి జఠరిక గోడ మందమవుతుంది, గది పెద్దదవుతుంది, చివరకు నీరసిస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు మూలంగా ఇలా దెబ్బతిన్న గుండెను కార్ పల్మొనేల్ అంటారు.

ఏ జబ్బుల్లో వస్తుంది

సీఓపీడీ: దీర్ఘకాల బ్రాంకైటిస్, ఎంఫిసీమాలు కలిసిన ఈ జబ్బు బాగా ముదిరినవారిలో చాలామందికి పుపుస ధమని పీడనం కొద్దిగానో గొప్పగానో పెరిగి ఉంటుంది. ఎక్కువమందిలో అది 20 నుంచి 35 మధ్యలో ఉండి, ఏడాదికి ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ వేగంతో మెల్లగా పెరుగుతుంది. జబ్బు ఒక్కసారిగా ఉధృతమైనప్పుడు, కష్టపడి పనిచేసినప్పుడు, నిద్రలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు పీడనం ఇంకా ఎగబాకుతుంది. కొద్దిమందిలో మాత్రం శ్వాసనాళాల అడ్డంకి మధ్యస్థంగానే ఉన్నా పోటు చాలా తీవ్రంగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, గుండెలోకి గొట్టం పంపి పీడనం కొలిచే కాథెటర్ పరీక్ష చేయించుకున్న 998 మంది సీఓపీడీ రోగుల వివరాలను పరిశీలించి 2005లో ప్రచురించారు. వారిలో సగటు పీడనం 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవారు 27 మంది. సీఓపీడీ తప్ప వేరే కారణం లేనివారు అందులో 11 మందే. ఇటువంటివారిలో రక్తనాళాల జబ్బే ముందుంటుందని, వారిని ప్రత్యేకంగా చూడాలని ఇప్పుడు నిపుణులు భావిస్తున్నారు.

ఫైబ్రోసిస్ జబ్బులు: కారణం తెలియని పల్మనరీ ఫైబ్రోసిస్, స్క్లెరోడెర్మా వంటి కీళ్ళవాత సంబంధ జబ్బులతో వచ్చే ఫైబ్రోసిస్, పావురాల రెట్టల ధూళి, బూజు వంటివి పీల్చడం వల్ల వచ్చే ఫైబ్రోసిస్ ఈ కోవలోవి. ఊపిరితిత్తుల మార్పిడి కోసం పరీక్షలు చేయించుకునే స్థితికి వచ్చినవారిలో మూడో వంతుకు పైగా ఈ పోటు కనిపిస్తుంది. పై భాగాల్లో ఎంఫిసీమా, కింది భాగాల్లో ఫైబ్రోసిస్ రెండూ కలిసి ఉన్నవారిలో పోటు మరీ తరచుగా, మరీ తీవ్రంగా వస్తుంది. వీరికి ఊదుడు పరీక్ష (స్పైరోమెట్రీ) ఫలితాలు దాదాపు మామూలుగా రావచ్చు. అందువల్ల జబ్బు తీవ్రతను తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది.

క్షయ మిగిల్చే నష్టం: మందులతో క్షయ క్రిములు పోయినా, ఊపిరితిత్తుల్లో గుహల్లాంటి ఖాళీలు, మచ్చలు, వ్యాకోచించిన శ్వాసనాళాలు మిగిలిపోవచ్చు. ఆ భాగాల్లో రక్తనాళాలూ నశిస్తాయి. ఇలాంటివారికి ఏళ్ళు గడిచాక ఆయాసం, కాళ్ళ వాపులు మొదలైతే క్షయ తిరగబెట్టిందని మాత్రమే అనుకోకుండా ఊపిరితిత్తుల పోటు ఉందేమో చూడాలి.

ఊపిరి చాలని స్థితులు: విపరీతమైన ఊబకాయం, గూని వల్ల వంగిన ఛాతీ, కండరాల బలహీనత, నిద్రలో పదే పదే ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఇందులోకి వస్తాయి. నెలలు నిండకుండా పుట్టి, ఊపిరితిత్తులు సరిగా ఎదగని పసిపిల్లల్లోనూ ఈ పోటు రావచ్చు. ఏ జబ్బూ లేకపోయినా ఆండీస్ పర్వతాల వంటి ఎత్తైన చోట్ల తరతరాలుగా నివసించే వారిలో కొందరికి గాలిలో ఆక్సిజన్ పీడనం తక్కువగా ఉండటం వల్లనే ఇది వస్తుంది.

లక్షణాలు

పనిచేస్తే ఆయాసం, త్వరగా అలసట మొదటి లక్షణాలు. నిన్నమొన్నటి దాకా ఊరి చెరువు దాకా నడిచి వచ్చినవారు వీధి చివరికే ఆగిపోతారు. మందులు సక్రమంగా వాడుతున్నా, దగ్గు కళ్ళె పెరగకపోయినా ఎగశ్వాస ఎక్కువవుతూ ఉంటే ఈ పోటును అనుమానించాలి. కష్టపడినప్పుడు ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్ళు తిరిగి పడిపోవడం పోటు తీవ్రమైందనడానికి సూచనలు.

కుడి జఠరిక ఓడిపోతున్నప్పుడు రక్తం సిరల్లో నిలవడంతో పాదాలకు, చీలమండలకు నీరు పడుతుంది. మెడలో సిరలు ఉబ్బుతాయి. కాలేయం పెరిగి కడుపు కుడివైపు పైభాగంలో బరువుగా ఉంటుంది, ఆకలి మందగిస్తుంది, కడుపులోకి నీరు చేరవచ్చు. పెదవులు, నాలుక, గోళ్ళు నీలిరంగుకు తిరగడం ఆక్సిజన్ బాగా తగ్గిందని చెబుతుంది. కాళ్ళ వాపులకు మూత్రపిండాల జబ్బు, రక్తహీనత, కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా కారణం కావచ్చు కాబట్టి వైద్యుడు వాటిని వేరుచేసి చూడాలి.

నిర్ధారణ

అనుమానం వచ్చాక మొదట చేసేది గుండె ఎకో పరీక్ష. కుడి జఠరిక నుంచి కర్ణికలోకి కవాటం సందుల్లో వెనక్కు చిమ్మే రక్తపు వేగాన్ని కొలిచి పీడనాన్ని అంచనా వేస్తారు. వేగపు వర్గాన్ని 4తో గుణిస్తే ఆ రెండు గదుల మధ్య పీడన వ్యత్యాసం వస్తుంది. వేగం సెకనుకు 2.8 మీటర్లు ఉంటే వ్యత్యాసం సుమారు 31 మిల్లీమీటర్లు, 3.4 ఉంటే సుమారు 46. వేగం 2.8 లోపు ఉండి ఇతర సూచనలేవీ లేకపోతే పోటు ఉండే అవకాశం తక్కువ, 3.4 దాటితే ఎక్కువ. అయితే సీఓపీడీలో ఉబ్బిన ఊపిరితిత్తులు గుండెను కప్పేయడం వల్ల ఎకో చిత్రం స్పష్టంగా రాదు. పీడనం ఎక్కువగానో తక్కువగానో లెక్క తప్పడం తరచుగా జరుగుతుంది. ఒక్క ఎకో రిపోర్టుతో ఉందనో లేదనో తీర్పు చెప్పకూడదు.

ఈసీజీలో కుడి గుండె భారం పడిన గుర్తులు కనిపించవచ్చు. సీటీ స్కాన్‌లో పుపుస ధమని వ్యాసం పక్కనున్న మహాధమని కన్నా పెద్దదిగా ఉంటే పోటుకు సూచన. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువులు దాటే సామర్థ్యాన్ని కొలిచే డీఎల్‌సీఓ పరీక్షలో ఫలితం బాగా పడిపోయి ఉంటుంది. గుండె ఒత్తిడికి లోనైనప్పుడు రక్తంలో పెరిగే బీఎన్‌పీని కొలిచే పరీక్ష కూడా తోడ్పడుతుంది. ఆరు నిమిషాల నడక పరీక్షలో ఎంత దూరం నడిచారు, ఆక్సిజన్ ఎంత పడిపోయింది అన్నవి చూస్తారు. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ ఇంట్లోనూ ఉపయోగపడేదే. కానీ చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో అది అసలు ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపించవచ్చని పరిశోధనల్లో తేలింది. సందేహం ఉన్నప్పుడు ధమని నుంచి రక్తం తీసి పరీక్షించాలి.

ఊపిరితిత్తుల్లో పాత రక్తపు గడ్డలు ఉన్నాయేమో తప్పకుండా చూడాలి. అవి ఉంటే శస్త్రచికిత్సతో చాలామందికి మేలు జరుగుతుంది కాబట్టి ఆ అవకాశం జారిపోకూడదు. దీనికి వెంటిలేషన్–పెర్ఫ్యూజన్ స్కాన్ చేస్తారు. ఎడమ గుండె జబ్బు, స్లీప్ ఆప్నియా ఉన్నాయేమో కూడా పరిశీలిస్తారు.

నిక్కచ్చిగా తేల్చేది కుడి గుండె కాథెటర్ పరీక్షే. మెడ, చేయి లేదా తొడ సిరలోంచి గొట్టం పంపి పీడనాలనూ ప్రవాహాన్నీ నేరుగా కొలుస్తారు. ప్రతి రోగికీ ఇది అవసరం ఉండదు. పోటు తీవ్రంగా ఉందని అనుమానం ఉన్నప్పుడు, ఊపిరితిత్తుల మార్పిడి ఆలోచనలో ఉన్నప్పుడు, ఫలితాన్ని బట్టి చికిత్స మారేటప్పుడు చేస్తారు. జబ్బు ఉధృతంగా ఉన్న రోజుల్లో కాకుండా కుదుటపడ్డాక చేస్తేనే కొలత నమ్మదగ్గది.

చికిత్స

మూల వ్యాధికి వైద్యమే మొదటి మెట్టు. పొగతాగడం పూర్తిగా మానేయాలి. సీఓపీడీ ఉన్నవారు ఇన్‌హేలర్లు సరైన పద్ధతిలో పీల్చాలి. ఫైబ్రోసిస్ ఉన్నవారికి నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ వంటి మందులు జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి. స్లీప్ ఆప్నియాకు రాత్రిపూట సీపాప్, ఊపిరి చాలనివారికి బైపాప్ యంత్రం వాడతారు. ఏటా ఫ్లూ టీకా, వైద్యుడు చెప్పినట్టు న్యుమోనియా టీకా తీసుకుంటే ఉధృతాలు తగ్గుతాయి. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో చేసే శ్వాస, నడక వ్యాయామాలు సత్తువ పెంచుతాయి.

ఆక్సిజన్ బాగా తగ్గిన సీఓపీడీ రోగులకు ప్రాణం నిలిపే చికిత్స ఆక్సిజనే. 1980లో అమెరికాలో 203 మందిపై జరిగిన పరీక్షలో, రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్ తీసుకున్నవారికన్నా రోజంతా తీసుకున్నవారు ఎక్కువకాలం బతికారు. 1981లో బ్రిటన్‌లో 87 మందిపై జరిగిన పరీక్షలో రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో 5 ఏళ్ళలో 19 మంది చనిపోగా, తీసుకోని 45 మందిలో 30 మంది చనిపోయారు. దీర్ఘకాలం ఆక్సిజన్ వాడటం వల్ల పుపుస ధమని పీడనం పెరగడం ఆగుతుందని, కొందరిలో కాస్త తగ్గుతుందని తర్వాతి పరిశోధనల్లో కనిపించింది.

కుదుటపడిన స్థితిలో ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 55 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారికి, 55 నుంచి 60 మధ్య ఉండి కుడి గుండె దెబ్బతిన్న గుర్తులో రక్తం చిక్కబడిన గుర్తులో ఉన్నవారికి రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ సూచిస్తారు. ఇంట్లో దీనికి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ సరిపోతుంది. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టుకొని తీసేస్తే గుండెకు మేలు జరగదు. నిద్రపోయే గంటలన్నీ కలుపుకొని 15 గంటలు నిండాలి. ఆక్సిజన్ కొద్దిగా మాత్రమే తగ్గినవారికి దీనివల్ల ఆయుష్షు పెరగదని 2016లో వెలువడిన అమెరికా పరిశోధనలో తేలింది కాబట్టి పరీక్ష చేయకుండా మొదలుపెట్టకూడదు. సీఓపీడీ ఉధృతమైనప్పుడు అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ప్రమాదం ఉంది. అందుకని అప్పుడు ఆక్సిమీటర్ రీడింగు 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా చూస్తారు. ఆక్సిజన్ దగ్గర బీడీ, అగ్గిపుల్ల, పొయ్యి ఉండకూడదు.

కాళ్ళ వాపులకు నీరు తీసే మాత్రలు ఇస్తారు, ఉప్పు తగ్గించమంటారు. మోతాదు మించితే రక్తం తగ్గి నీరసం, మూత్రపిండాల ఇబ్బంది రావచ్చు కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తూ వాడాలి.

మొదటి వర్గం పోటుకు బాగా పనిచేసే నాళాలు విప్పార్చే మందులు ఈ వర్గానికి కూడా పనికొస్తాయని చాలాకాలం ఆశపడ్డారు. అనుభవం వేరుగా ఉంది. ఆ మందులు గాలి ఆడని భాగాల్లోని నాళాలను కూడా విప్పేసి, శరీరం చేసుకున్న సర్దుబాటును చెడగొడతాయి. దాంతో రక్తంలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. సీఓపీడీ రోగులకు బోసెంటాన్ ఇచ్చి చూసిన 2008 పరీక్షలో అదే జరిగింది. ఫైబ్రోసిస్‌లో ఆంబ్రిసెంటాన్ జబ్బును మరింత ముదిరేలా చేసింది. రియోసిగువాట్ పరీక్షను మరణాలు పెరగడంతో మధ్యలో ఆపేశారు. ఫైబ్రోసిస్ వల్ల పోటు వచ్చినవారికి ఈ రెండూ ఇవ్వకూడదని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొరుగువారికి పనిచేసిందని ఈ రకం మాత్రలు సొంతంగా మొదలుపెట్టడం ప్రాణానికే ముప్పు.

ఊపిరితో పీల్చే ట్రెప్రోస్టినిల్ మాత్రం కొంత ఆశ కలిగించింది. పీల్చిన మందు గాలి ఆడే భాగాలకే చేరుతుంది కాబట్టి అక్కడి నాళాలే విప్పారుతాయి. ఫైబ్రోసిస్ జబ్బులతో పోటు వచ్చిన 326 మందిపై జరిగిన పరీక్షలో 16 వారాల తర్వాత, మందు వాడినవారు ఆరు నిమిషాల నడకలో ఇతరులకన్నా సగటున 31 మీటర్లు ఎక్కువ నడవగలిగారు. 2021లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. ఇదే మందును సీఓపీడీలో పరీక్షించినప్పుడు మాత్రం హాని కనిపించడంతో ఆపివేశారు. ఒకే పోటు, ఒకే మందు అయినా మూల వ్యాధి మారితే ఫలితం తారుమారవుతుందనడానికి ఇది నిదర్శనం. పోటు తీవ్రంగా ఉన్న కొద్దిమందికి సిల్డెనాఫిల్ వంటివి ప్రత్యేక కేంద్రాల్లో, జాగ్రత్తగా పరిశీలిస్తూ ఇస్తారు.

మందులు చాలని స్థితిలో, వయసూ ఆరోగ్యమూ సహకరించేవారికి మిగిలే దారి ఊపిరితిత్తుల మార్పిడి. హైదరాబాద్, చెన్నై నగరాల్లో ఈ శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. జబ్బు మరీ ముదిరాక కాకుండా, ముందుగానే ఆ కేంద్రాలను సంప్రదించడం మంచిది.

జబ్బు గమనం

పోటు ఉన్నవారి ఆయుష్షు అదే మూల వ్యాధి ఉండి పోటు లేనివారికన్నా తక్కువ. ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్న 84 మంది సీఓపీడీ రోగులపై 1995లో ప్రచురించిన ఫ్రెంచి పరిశోధనలో, సగటు పీడనం 25 లోపు ఉన్నవారిలో 62 శాతం మంది 5 ఏళ్ళు దాటి బతికితే, 25 దాటినవారిలో 36 శాతమే బతికారు. ఫైబ్రోసిస్‌లో తేడా ఇంకా ఎక్కువ. 2006లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, మార్పిడికి పరీక్షలు చేయించుకున్న రోగుల్లో పోటు ఉన్నవారిలో ఏడాదిలోపే 28 శాతం మంది చనిపోగా, లేనివారిలో 5.5 శాతం మంది చనిపోయారు.

భారతదేశంలో, తెలుగు నేలపై

ఈ వ్యాధి చరిత్రలో భారతదేశానికి ప్రత్యేక స్థానం ఉంది. దానికి కారకురాలు డాక్టర్ ఎస్. పద్మావతి. బర్మాలో పుట్టి, ఢిల్లీలో పనిచేసి, 2020లో 103 ఏళ్ళ వయసులో కన్నుమూసిన ఈ గుండె వైద్యురాలు 1950లలో ఢిల్లీ ఆస్పత్రులకు వస్తున్న కార్ పల్మొనేల్ రోగులను పరిశీలించారు. పాశ్చాత్య దేశాల్లో అది ఎక్కువగా పొగతాగే మగవారి జబ్బు. ఢిల్లీలో ఆడవారూ మగవారితో సమానంగా కనిపించారు, అదీ చిన్న వయసులోనే. వారిలో పొగతాగేవారు తక్కువ. చిన్నతనం నుంచీ గాలి ఆడని వంటగదుల్లో కట్టెలు, పిడకల పొగ పీల్చడమే కారణమై ఉంటుందని ఆమె గుర్తించారు. 127 మంది రోగులపై ఆమె సహ పరిశోధకుడితో రాసిన పత్రం 1959లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. వంటింటి పొగ గుండెను సైతం దెబ్బతీస్తుందని ప్రపంచానికి తెలిపిన తొలి పరిశీలనల్లో ఇది ఒకటి.

ఆరు దశాబ్దాలు దాటినా సమస్య పోలేదు. 2016లో దేశంలో సుమారు 5 కోట్ల 50 లక్షల మంది సీఓపీడీతో ఉన్నారని అంచనా. మరణ కారణాల్లో అది అప్పట్లో గుండెపోటు వర్గం జబ్బుల తర్వాత రెండో స్థానంలో ఉండేది. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తుల పోటు రావడానికి ఈ రెండూ చాలు.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇవే కారణాలు కనిపిస్తాయి. బీడీ, చుట్ట తాగేవారు, ఏళ్ళకేళ్ళు ఊదుగొట్టంతో పొయ్యి రాజేసిన పల్లెటూరి ఆడవారు, క్షయ నయమైనా ఊపిరితిత్తులు పాడైనవారు, రాతి క్వారీల్లోనూ గ్రానైట్ కోసే చోట్లా సిలికా ధూళి పీల్చిన కూలీలు ఈ ముప్పులో ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో దేశమంతటా మొదలైన ఉజ్జ్వల పథకం పేద ఇళ్ళకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాయి. కనెక్షన్ ఉన్నా సిలిండర్ ఖరీదు భరించలేక మళ్ళీ కట్టెల పొయ్యికి వెళ్ళే ఇళ్ళలో మాత్రం పొగ తగ్గలేదు.

తెలుగువారు ఎక్కువగా వెళ్ళే ఉత్తరాది తీర్థయాత్రల విషయంలో కూడా ఈ రోగులు జాగ్రత్తపడాలి. కేదార్‌నాథ్ 3,500 మీటర్లకు పైన ఉంది. అంత ఎత్తులో ఆక్సిజన్ తగ్గి పుపుస ధమనులు ఇంకా బిగుసుకుంటాయి, కుడి గుండె ఒక్కసారిగా విఫలం కావచ్చు. విమానంలో కూడా లోపలి గాలి పీడనం సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నంత తక్కువకు పడిపోవచ్చు. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవారు ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి కలిసి, ప్రయాణంలో ఆక్సిజన్ అవసరమో కాదో తేల్చుకోవాలి.

నివారణ

గోడలు మారిపోయిన రక్తనాళాలను తిరిగి మామూలుగా చేసే మందు ఈ వర్గపు పోటుకు ఇంతవరకూ లేదు. కాబట్టి అక్కడిదాకా రానివ్వకపోవడమే అన్నిటికన్నా పెద్ద చికిత్స. పొగాకు మానడం, మానిపించడం, వంటగదికి పొగ లేని ఇంధనం, పొగ పోయే దారి, రాతి పనుల్లో నీళ్ళు చల్లి ధూళి అణచడం, క్షయను తొలి వారాల్లోనే గుర్తించి మందులు పూర్తిగా వాడించడం ఇందుకు మార్గాలు. ఇవి గుండె వైద్యుడి చేతిలో లేవు. ఇంటి, పంచాయతీ, ప్రభుత్వ నిర్ణయాల్లో ఉన్నాయి.

జబ్బు ఇప్పటికే ఉన్నవారి విషయంలో చేయాల్సింది కూడా ఖరీదైనది కాదు. దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధి ఉన్న ప్రతి ఒక్కరినీ వైద్యుడి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కాళ్ళ వాపుల గురించి అడగాలి, మెడ సిరలు చూడాలి, నడిపించి ఆక్సిజన్ కొలవాలి. మార్పు కనిపిస్తే ఎకో చేయించాలి. ఈ నాలుగు పనులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచే మొదలవగలవు. ఆక్సిజన్ అవసరమైనవారిని సకాలంలో గుర్తించి 15 గంటలు అందేలా చూడగలిగితే, ఆయాసం ఎటూ తగ్గదని వదిలేసిన ఎందరికో మరికొన్నేళ్ళ ఆయుష్షు దక్కుతుంది.